పులేమౌ ఒక్కడే

యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా బిరుదు రాని మగవాడు మా ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు. అతని పేరు పెనియామినా. వరసకి నాకు బాబాయి, పక్క ఇల్లే. ఊరి పెద్దల సభకి ఇరవై రెండేళ్ళుగా అతనే కార్యదర్శి. ఎవరి పెళ్ళికి ఎవరిని పిలవాలి, ఎవరు పోతే ఆ కబురు ముందు ఎవరికి చెప్పాలి, చాప మీద ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే గొడవ రాదు, అన్నీ అతనికే తెలుసు. అతను మాత్రం ఆ చాప మీద ఎప్పుడూ కూర్చోలేదు. సభ ఇంటి స్తంభాలకి వీపు ఆనించుకునే హక్కు బిరుదున్నవాళ్ళది. పెనియామినా మెట్ల దగ్గర, ఎండ పడే వైపు, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. మా సవాయీ దీవిలో పని తెలిసినవాడికి కేటాయించిన చోటు అది.

బాబాయికి ఇది పెద్దగా పట్టేది కాదు. పట్టింది పిన్నికి. ఆమె పేరు సినపతి. మొగుడికి బిరుదు లేకపోతే పెళ్ళానికీ చోటు లేదు. అరవయ్యొక్కేళ్ళ మనిషి, ఏ విందు జరిగినా వెనకాల వంటపాకలో పళ్ళేలు కడుగుతూ ఉండేది. మొన్న మొన్న కాపరానికి వచ్చిన ఇరవై మూడేళ్ళ పిల్ల, మొగుడికి బిరుదు దొరికింది కాబట్టి, ముందు వరసలో కూర్చుని టీలో పంచదార తగ్గిందని కబురు పంపేది. పిన్ని మొగుణ్ణి ఒక్క మాట అనేది కాదు. అనేదంతా పళ్ళేలనే అనేది.

"కడుగు సినపతీ, కడుగు. ఇంకో పదేళ్ళు కడిగితే నీ మొగుడికి స్వర్గంలో ఇస్తారు బిరుదు. అక్కడ మాత్రం విందులుండవా, పళ్ళేలుండవా."

"వినపడుతోందే," అనేవాడు బాబాయి.

"నీతో ఎవరు మాట్లాడారు? నేను పళ్ళెంతో మాట్లాడుతున్నా."

మా కుటుంబం బిరుదు పులేమౌ. ఒకప్పుడు ఒక్కడికే ఉండేదట. ముత్తాతల కాలంలో అన్నదమ్ములిద్దరు కొట్టుకుంటే ఇద్దరికీ ఇచ్చారు. తర్వాత గొడవ వచ్చినప్పుడల్లా గొడవపడ్డవాడికి ఒకటి ఇచ్చి కూర్చోబెట్టారు. అలా పదకొండు మంది అయ్యారు. ఊళ్ళో ఐదుగురు, ఆపియా పట్నంలో ఇద్దరు, ఆక్లండ్‌లో ముగ్గురు, బ్రిస్బేన్‌లో ఒకడు. మా బాబాయి ఎవరితోనూ గొడవపడలేదు. అతనికి రాకపోవడానికి అంతకన్నా కారణం లేదు.

బిరుదు వచ్చిన రోజు నుంచి తల్లి పెట్టిన పేరు పోతుంది. పాత పేరుతో పిలిస్తే తప్పు. పెద్ద పులేమౌ, చిన్న పులేమౌ అన్నా తప్పే. పొట్టి, పొడుగు, పట్నం, ఏ మాటా ఆ పేరు పక్కన చేర్చకూడదు. చేర్చితే ఒక పందిని, రెండు పెట్టెల చేపల డబ్బాలని సభకి అప్పగించాలి. ఎక్కడ పదిమంది కూడినా, కావా పానీయం పంచేముందు సభ వక్త గొంతు సాగదీసి అంటాడు: "శరీరాలు పదకొండు. పులేమౌ ఒక్కడే." పదకొండు మందీ తలలు ఊపుతారు. ప్రతివాడూ ఆ ఒక్కడు తనే అనుకుని ఊపుతాడు.

ఇక బాబాయి ఫోను సంగతి. అందులో పదకొండు చోట్ల 'పులేమౌ' అనే ఉండేది. పక్కన ఏమీ రాయకూడదు కాబట్టి రాయలేదు. అయితే బొమ్మ పెట్టకూడదని ఎవరూ అనలేదు. ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో ఫోటో పెట్టుకున్నాడు. మనుషుల ఫోటోలు కాదు. అతని కళ్ళకి ఆ చిన్న గుండ్రంలో ముఖాలన్నీ ఒకటే. ఒకరికి గొడుగు, ఒకరికి బస్సు, ఒకరికి పంది, అలా. ఎగతాళికి కాదు, గుర్తుకి. ఆ ఫోను ఎవరికీ చూపించేవాడు కాదు.

కిందటేడు నవంబరులో కుటుంబం ఒక మాట అనుకుంది. పెనియామినాకి పులేమౌ బిరుదు ఇవ్వాలని, పన్నెండోవాడిగా. పదకొండు మందీ ఒప్పుకోవాలి. ఒక్కడు కాదన్నా ఆగిపోతుంది. మళ్ళీ ఎన్నేళ్ళకో. సభ శనివారం పెట్టుకున్నారు. ఊళ్ళోవాళ్ళు, ఆపియావాళ్ళు వచ్చి కూర్చుంటారు, విదేశాల్లో ఉన్న నలుగురూ వీడియోలో కనిపిస్తారు. తన బిరుదు సభకి పిలుపులు పంపే పని కూడా బాబాయిదే, కార్యదర్శి కదా.

ఆ మాట తెలిసిన రోజు పిన్ని పళ్ళేలతో ఏమీ మాట్లాడలేదు. పెట్టె అడుగునుంచి తెల్ల గౌను తీసి, ఎండలో ఆరేసి, మళ్ళీ మడిచి పెట్టేసింది. "ఊరికే, బూజు పట్టిందేమోనని," అంది నాతో.

సరిగ్గా ఆ వారమే ఆక్లండ్‌లో ఉన్న మా ఊరివాళ్ళు సభకి కొత్త కంప్యూటరు పంపారు. పాతది కోడిపుంజు ఎక్కి తొక్కితే చచ్చింది. కొత్తదాంట్లో అప్పుడే వచ్చిన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని ఫోనుతో కలిపితే ఫోన్లో ఉన్నదంతా దాంట్లోకీ, దాంట్లో ఉన్నదంతా ఫోన్లోకీ వస్తుందని రాసి పంపారు. నేను ఆపియాలో ఉన్నాను, ఏదో గుమాస్తా పని ఉందంటే అడగడానికి వెళ్ళాను. అడిగాను, లేదన్నారు. నేను తిరిగొచ్చేదాకా ఆగకుండా బాబాయి, పిన్ని కూర్చుని కలిపేశారు. పిన్ని ఆక్లండ్‌లో నాలుగేళ్ళు ఆఫీసులు తుడిచొచ్చింది, తెర మీద ఇంగ్లీషు చదవగలదు. తర్వాత ఇద్దరూ చెరో రకంగా చెప్పినదాన్ని బట్టి జరిగింది ఇది.

ఫోను కెమెరా తెర మీది గళ్ళ చతురస్రానికి చూపించారు. ఆరంకెల సంఖ్య రెండు చోట్లా ఒకటేనా అని అడిగితే ఒకటే అన్నారు. నీలం గీత కుడివైపు పాకింది. పొద్దున ప్రార్థనకి పెట్టుకున్న అలారం రెండింట్లోంచీ ఒకేసారి మోగితే బాబాయి లేచి నిలబడి ప్రార్థన చేసి మళ్ళీ కూర్చున్నాడు. ఆ తర్వాత తెర మీదికి ఒక ప్రశ్న వచ్చింది.

"ఏమంటోంది?" అన్నాడు బాబాయి.

"నీ ఫోన్లో ఒకే పేరుతో పదకొండు ఉన్నాయట. పులేమౌ, పులేమౌ, పులేమౌ. ఇవన్నీ ఒకరేనా అంటోంది."

బాబాయి నడుం నిటారు చేశాడు.

"మళ్ళీ చదువు."

"ఇవన్నీ ఒకరేనా, కలిపేయమంటారా. అవును, కాదు. రెండు గడులున్నాయి. దేని మీద నొక్కను?"

"నువ్వు నొక్కకు. ఆగు."

"ఏవిటి ఆగేది, కాదని నొక్కేస్తే పోలా. పదకొండు మంది మనుషులు కదా."

"అంటావే నువ్వు. శనివారం సభ పెట్టుకుని, పులేమౌ ఒక్కడు కాదని నా ఫోన్లో నేనే రాసిపెట్టుకోమంటావా? ఈ పెట్టె సభది. రేపు ఎవడో తెరిచి చూస్తే, బిరుదు అడిగే నోటితోనే ఈ మాట అన్నాడంటారు."

"అది బిరుదు గురించి అడగట్లేదయ్యా. ఫోను నంబర్ల గురించి అడుగుతోంది."

"పేరు పెట్టి అడిగింది. పేరు పెట్టి అడిగితే ఏం చెప్పాలో మా తాత నేర్పాడు."

లేచి వెళ్ళి చేతులు కడుక్కొచ్చి, 'అవును' మీద తనే నొక్కాడు. చిన్న శబ్దం చేసి పదకొండు వరసలూ ఒకదాంట్లో ఒకటి దూరిపోయాయి.

మంగళవారం పడవ దిగి ఇంటికొచ్చేసరికి బాబాయి నా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఒరే, పులేమౌ ఒక్కడైపోయాడురా," అన్నాడు.

ఫోను చూశాను. ఒక్క పేరు, దాని కింద పదకొండు నంబర్లు. ఏది ఎవరిదో లేదు. ఫోనులో ఉన్న పాత జాబితాని కంప్యూటరు శుభ్రంగా సరిదిద్ది వెనక్కి పంపింది. పాతదానికి నకలు ఎక్కడా లేదు, బాబాయి ఎప్పుడూ తీసిపెట్టుకోలేదు. పదకొండు ఫోటోల బదులు మూలన ఒక్కటే ఉంది. బియ్యపు గింజంత గుండ్రంలో గులాబీ రంగు మరక. మందారం అనుకున్నాను.

"ఊళ్ళోవాళ్ళకి నడిచి వెళ్ళి చెప్పొచ్చుగా బాబాయ్."

"వరస ఉందిరా. మొదట మన ఊరి పెద్దాయన. రెండోవాడు ఆక్లండ్‌లో. మూడోవాడు ఆపియాలో. నాలుగోవాడు మళ్ళీ ఆక్లండ్. రెండోవాడికి కబురు అందకముందు నాలుగోవాడికి అందిందనుకో, అక్కడితో సరి. ఆయన వద్దంటాడు. వద్దనడానికి కారణం దొరకాలే గానీ."

దేశం అంకెని బట్టి బ్రిస్బేన్ ఆయన తేలిపోయాడు. ఆక్లండ్ నంబర్లు మూడున్నాయి. ఎవరిది ఏదో ఫోన్ చేసి తెలుసుకోవాలి. తెలుసుకోవడం ఎలా? బిరుదున్నవాణ్ణి పట్టుకుని తమరు ఎవరు అనడమంటే మొహం మీద కొట్టినట్టే. ఏ పులేమౌ అనడం ఇంకా ఘోరం. నేను పక్కన కూర్చున్నాను, బాబాయి స్పీకరులో పెట్టి మొదటి నంబరు నొక్కాడు.

"పులేమౌని," అంది అవతలి గొంతు.

"తమరేనండి. దణ్ణాలు. నేను పెనియామినాని, ఊరినుంచి."

"చెప్పు పెనీ."

బాబాయి నా వైపు చూశాడు. ఆక్లండ్ ముగ్గురిలో ఒకాయనకి మోకాలి ఆపరేషను అయిందని నేను కాగితం మీద రాసి చూపించాను.

"తమరి మోకాలు ఎలా ఉందండి?"

"ఏ మోకాలు?"

"రెండూనండి."

"రెండూ బాగానే ఉన్నాయి. ఎందుకడుగుతున్నావు? నా మోకాళ్ళ గురించి ఊళ్ళో ఎవరైనా ఏమైనా అంటున్నారా?"

"అబ్బే, ఎవరూ ఏమీ అనలేదండి. బస్సు ఎలా నడుస్తోందండి?"

అవతలి గొంతు పెరిగింది.

"బస్సు నడిపేది నేను కాదు. అతనికేం, బస్సుంది. నాకు బస్సు లేదని గుర్తు చెయ్యడానికి చేశావా ఫోను?"

"లేదండి. తమరిని తల్చుకుని చేశాను, అంతే."

ఫోను పెట్టేశాక బాబాయి నుదుటి చెమట తుడుచుకుని నోటుబుక్కులో రాసుకున్నాడు. మోకాలు కాదు, బస్సు కాదు. అయితే చర్చిలో నిద్రపోయే ఆయన. అంటే ఆక్లండ్ ముగ్గురిలో చివరివాడు. ఇంకా పిలవకూడదు. అదృష్టం, శనివారం సంగతి ఎత్తలేదు.

ఇలా మూడు రోజులు సాగింది. ఒకాయన్ని మీ దగ్గర వానగా ఉందా అని అడిగాడు. ఒకాయన్ని ఈ పూట ఏం తిన్నారని అడిగితే ఆయన పావుగంట చెప్పాడు, దాంతోనే తెలిసిపోయింది. శుక్రవారం మధ్యాహ్నానికి పదకొండు మందీ ఎవరెవరో తేలి, వరస తప్పకుండా పిలుపులు వెళ్ళాయి. పిన్ని తెల్ల గౌను మళ్ళీ బయటికి తీసింది.

శనివారం పొద్దున సభ ఇంట్లో ఏడు స్తంభాలకి ఏడుగురు పులేమౌలు వీపులు ఆనించారు. మధ్యలో బల్ల మీద చర్చి నుంచి అడిగి తెచ్చిన పెద్ద టీవీ, దానికి కంప్యూటరు నేనే కలిపాను. బాబాయి మెట్ల దగ్గర అతని చోట్లో ఉన్నాడు. పిన్ని వెనక పాకలో. వక్త గొంతు సాగదీసి అన్నాడు: శరీరాలు పదకొండు, పులేమౌ ఒక్కడే. తలలు ఊగాయి. కావా చిప్ప తిరిగింది. విదేశాలవాళ్ళని పిలవమన్నారు.

పిలిచాను. అవతలివాళ్ళు కెమెరా తెరిచేదాకా వాళ్ళ పేరు, ఫోన్లో వాళ్ళకి పెట్టుకున్న ఫోటో తెర మీద నిలబడతాయి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. నాకు తెలియనిది, ఆ మందారం మందారం కాదని.

తెర నాలుగు గడులుగా చీలింది. నాలుగింట్లోనూ ఒకే పంది. మనిషంత పంది, ముక్కు ముందుకు పెట్టి సభనే చూస్తోంది. నాలుగు పందుల కింద నాలుగు చోట్ల, తెల్లటి అక్షరాల్లో, పులేమౌ.

మొదట నోరు విప్పింది మూడో స్తంభం దగ్గరి పులేమౌ. ఊళ్ళో పందుల్ని కట్టకుండా వదిలేసేది ఆయనే.

"అది నా పంది," అన్నాడు. "ఎడమ చెవి చిరిగి ఉంది చూడండి. పాస్టరుగారి కంద మళ్ళో పడ్డప్పటిది."

"నీ పందయితే అక్కడెందుకుంది?" అన్నాడు ఆపియా నుంచి వచ్చిన పులేమౌ.

"నన్నడిగితే? నేను పెట్టలేదు. పదకొండు మందిలో ఎవరిది పైకి రావాలో కంప్యూటరే ఎంచుకున్నట్టుంది." ఆయన వీపు స్తంభానికి ఇంకాస్త ఆనించాడు. "దానికి వరస తెలుసేమో."

ఆ ఒక్క మాటకి మూడు తరాల గొడవ లేచి కూర్చుంది. ఎవరి తాత ముందు పుట్టాడు, ఎవరి తాత ఎవరి తాత పడవ దొంగిలించాడు, అన్నీ వచ్చాయి. బ్రిస్బేన్‌లో ఇంకా ఏడు గంటలే. ఆ గడిలో పంది పోయి బనీను వేసుకున్న మనిషి వచ్చాడు.

"ఏమైంది? నేను కనపడుతున్నానా?"

"ఇప్పుడు కనపడుతున్నావు," అన్నాడు పంది సొంతదారు. "ఇందాక బాగా కనపడ్డావు."

ఏడుగురిలోకీ పెద్దవాడు, మొదటి స్తంభం పులేమౌ, చెయ్యి ఎత్తాడు. అందరూ ఆగారు. ఆయన మెట్ల వైపు తిరిగాడు.

"పెనియామినా. ఇది నీ ఫోన్లోంచి వచ్చిందా?"

"అవునండి."

"మా అందరికీ పందినే పెట్టుకున్నావా?"

"లేదండి. పంది ఒక్కరికేనండి."

"మిగతావాళ్ళకి?"

వెనక పాకలో పళ్ళేల చప్పుడు ఆగిపోయింది. అబద్ధం చెప్పు బాబాయ్, అనుకున్నాను. ఏదో పువ్వు పెట్టానని చెప్పు. మావూళ్ళో ఎంతమందో అబద్ధం చెప్పి స్తంభం సంపాదించారు. కానీ ఇరవై రెండేళ్ళు కార్యదర్శిగా ఉన్నవాడికి సభలో అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చదవడమే అలవాటు.

"ఒక్కొక్కరికి ఒక్కొక్కటండి. పేరు పక్కన రాయకూడదు కదండి. నా కళ్ళకి ముఖాలు ఆనవు. అందుకని."

"చెప్పు. అందరివీ చెప్పు."

"ఆక్లండ్‌లో పెద్దవారికి బస్సండి."

"నేను నడిపేదే," అన్నాడు తెర మీది పులేమౌ, సంతోషంగా.

"రెండోవారికి మోకాలు. మూడోవారికి మూసిన కన్నండి. చర్చిలో..." సభలో ఇద్దరు నవ్వారు. "ఆపియాలో పెద్దవారికి గొడుగండి."

"గొడుగేమిటి?" అన్నాడు ఆపియా పులేమౌ. ఎవరూ అతనికి చెప్పలేదు. ఊళ్ళో ఐదుగురిలో నలుగురికి అతను వచ్చి వెళ్ళినప్పుడల్లా గొడుగు పోయేది. నలుగురూ కడుపు పట్టుకుని నవ్వారు. ఊరి విందులకి ఎప్పుడూ ఏమీ పంపని బ్రిస్బేన్ ఆయనకి ఖాళీ పళ్ళెం అంటే గొడుగాయన కూడా నవ్వాడు. ఎవరి బొమ్మ చెప్పినప్పుడు వాళ్ళు మూతి బిగించుకున్నారు, మిగతా పదిమంది మాత్రం నవ్వడానికి వచ్చారన్నట్టు నవ్వారు.

"నాది?" అన్నాడు పెద్దాయన.

నవ్వు ఆగింది.

"గ్లాసండి," అన్నాడు బాబాయి.

"గ్లాసా. ఖాళీదా?"

"నీళ్ళతోనండి."

"మంచినీళ్ళ గ్లాసు. బాగానే ఉంది."

"నీళ్ళల్లో పళ్ళున్నాయండి."

లైను సరిగ్గా లేదు. బ్రిస్బేన్ నుంచి, "ఏ పళ్ళు? బొప్పాయా?" అని వినపడింది.

"పళ్ళేనండి. నోట్లోవి."

పెద్దాయన నోరు మూసేసుకున్నాడు. ఆ పళ్ళ సెట్టు ఆ క్షణాన ఆయన నోట్లోనే ఉంది. ఆయనకి కట్టుడు పళ్ళున్నాయని ఊరంతటికీ తెలుసు, ఊరికి తెలుసని ఆయనకి ఒక్కడికే తెలియదు. ఆయన లేచి వెళ్ళిపోతే సభ అయిపోయినట్టే. పాక గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది, మోచేతుల దాకా సబ్బు నురుగుతో.

ఆయన మెల్లగా వక్త వైపు తిరిగాడు.

"ఇందాక ఏమన్నావు నువ్వు? శరీరాలు ఎన్ని?"

"పదకొండండి."

"పులేమౌ?"

"ఒక్కడేనండి."

"అందరూ ఒప్పుకున్నట్టేనా?" అన్ని తలలూ ఊగాయి, తెర మీదివీ ఊగాయి. "అయితే ఆ పళ్ళు పులేమౌవి. నావని ఎవరూ అనడానికి లేదు. మోకాలు మనది, మూసిన కన్ను మనది. గొడుగులన్నీ మనవి, సాయంత్రంలోగా ఎక్కడెక్కడివి అక్కడికి వచ్చెయ్యాలి. పందీ మనదే."

"పందా?" అన్నాడు మూడో స్తంభం ఆయన.

"మనదే. ఈ మధ్యాహ్నం మనమే తింటున్నాం. కుర్రాళ్ళని పంపండి."

మూడో స్తంభం ఆయన ఏదో అనబోయాడు. ఏమని అంటాడు? నాది అనాలంటే పులేమౌ ఒక్కడు కాదనాలి.

"ఇక పెనియామినా మాట," అన్నాడు పెద్దాయన. "ఇతను చెప్పిన పదకొండిట్లో ఒక్కటి తప్పుందని ఎవరైనా అంటారా?"

ఎవరూ అనలేదు.

"నేనూ అనను. మనల్ని ఇంత బాగా ఎరిగినవాణ్ణి బయట కూర్చోబెట్టడం మంచిది కాదు. మెట్ల మీద ఉంటే అడిగినవాళ్ళకల్లా చెప్తాడు. లోపల కూర్చుంటే తన పరువూ మనతో కలిసి పోతుంది కాబట్టి నోరు మూసుకుంటాడు. నేను ఒప్పుకుంటున్నాను."

పదకొండు మందీ ఒప్పుకున్నారు. ఇరవై రెండేళ్ళ చాకిరీకి ఇవ్వనిది పదకొండు బొమ్మలకి ఇచ్చారు. నాకు నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు. పిన్నికి అలాంటి అనుమానమేమీ లేదు. చేతులు తుడుచుకోకుండానే ఇంటికి నడిచి వెళ్ళి, తెల్ల గౌను వేసుకుని తిరిగొచ్చింది. ఇంకా బిరుదు ఇవ్వలేదు, రెండు వారాలాగాలి అంటే, "తెలుసు. కడగడం మాత్రం ఈ పూటతో అయిపోయింది," అంది.

రెండు వారాల తర్వాత ఇచ్చారు. పిన్ని ముందు వరసలో, ఇరవై మూడేళ్ళ పిల్లకి పై చోట్లో కూర్చుంది. టీ తాగింది. ఎవరికీ ఏ కబురూ పంపలేదు.

ఆ రోజు నుంచి పెనియామినా అనే పేరు పోయింది. పెళ్ళాం కూడా పిలవకూడదు. ఆ సాయంత్రం బాబాయి వీధి గోడ మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ సముద్రం వైపు చూస్తున్నాడు. పిన్ని గుమ్మంలోకి వచ్చి, గొంతు సవరించుకుని, మొదటిసారి గట్టిగా పిలిచింది.

"పులేమౌ, తిండికి రా."

ఎడమ పక్క ఇంట్లోంచి "వస్తున్నా" అన్నారెవరో. రోడ్డు అవతల వల బాగుచేస్తున్న ఒకాయన తలెత్తి, "ఏం వండావు?" అన్నాడు. చర్చి వెనకనుంచి ఇంకో గొంతు "ఎవరింట్లో?" అని అడిగింది.

బాబాయి కూడా మెడ తిప్పి రోడ్డు వైపు చూశాడు, ఆమె వాళ్ళలో ఎవరిని పిలుస్తోందా అని.